మేయర్ లేని ఊరు

నా ఈడు హైదరాబాదీలకు ఒక లోటుంది. దాన్ని లోటని మేం చాలాకాలం గుర్తించనే లేదు. మాకు ఊహ తెలిసి, మీసాలొచ్చి, ఉద్యోగాల్లో చేరి, కొందరికి పిల్లలు పుట్టేదాకా మా ఊరికి మేయర్ లేడు. 1970లో పాలకమండలి పోయింది. మళ్లీ ఎన్నికలు జరిగింది 1986లో. మధ్యలో పదహారేళ్లు ప్రభుత్వం పంపిన స్పెషలాఫీసరే ఊరికి పెద్ద. బడిలో సోషల్ పుస్తకంలో స్థానిక స్వపరిపాలన పాఠం ఉండేది. పంచాయతీకి సర్పంచి, మున్సిపాలిటీకి చైర్మన్, కార్పొరేషన్‌కు మేయర్ అని బట్టీపట్టి మార్కులు తెచ్చుకున్నాం. మరి మన కార్పొరేషన్‌కు మేయరెవరు సార్ అని ఏ పిల్లాడూ లేచి అడిగిన గుర్తు లేదు. పాఠంలో ఉన్నవన్నీ వీధిలో ఉంటాయని ఎవరనుకుంటారు?

వీధిలో ఉన్నవి వేరు. తెల్లవారక ముందే ఖాకీ నిక్కరులో సైకిలు మీద వచ్చి, ఊడ్చేవాళ్ల పేర్లు పిలిచి హాజరు వేసుకునే శానిటరీ జవాను. ఇంటిపన్ను రశీదు పుస్తకం చంకన పెట్టుకుని తిరిగే బిల్ కలెక్టరు. మలేరియా మందు కొట్టి, ఆ తేదీని తలుపు పక్కన గోడ మీద గేరు రంగుతో రాసిపోయే మనిషి. గల్లీ మొగదల నల్లా, దాని ముందు రాత్రే వచ్చి నిలబడే బిందెల వరస. మా అమ్మకు వీళ్లంతా కలిసి ‘బల్దియా’. ఆ మాటలో ఒక అధికారి ఉన్నాడు, జీతగాళ్లున్నారు, రశీదులున్నాయి. మనం ఎన్నుకున్నవాళ్లు మాత్రం లేరు. మోరీ నిండితే జవానుకు చెప్పాలి, జవాను వినకపోతే పెద్ద జవానుకు చెప్పాలి, అదీ కాకపోతే సర్కిలాఫీసులో సాబ్‌కు దరఖాస్తు పెట్టుకోవాలి. ఆఫీసుల బయట చెట్ల కింద టైపు మిషన్లు పెట్టుకుని కూర్చునే దరఖాస్తుల రాతగాళ్లు ఆ కాలానికి మా ప్రతినిధులు. మన కష్టాన్ని విని, సాబ్ చదవగలిగే భాషలోకి మార్చి, కింద ‘తమ విధేయుడు’ అని చేర్చి ఇచ్చేవాళ్లు. టైపు మిషన్లు పోయాయి, రాతగాళ్లూ పోయారు.

మా నాన్నకు అంతకుముందు కాలం తెలుసు. 1960లలో మా బస్తీ కార్పొరేటర్ ఇంటి ముందు అరుగు మీద పొద్దున్నే జనం కూర్చునేవారట. ఆయన పళ్లు తోముకుంటూనే పంచాయితీ వినేవాడు. పనులన్నీ చేసేవాడా అంటే నాన్న నవ్వేవాడు. సగం చేసేవాడు కాదు, కానీ సగం చెయ్యనందుకు మొహం చాటేసేవాడు అనేవాడు. ఆ మొహం చాటెయ్యడంలో ఉన్న విలువ నాకు పెద్దయ్యాక గానీ తలకెక్కలేదు. స్పెషలాఫీసరు ఎవరికీ మొహం చాటెయ్యక్కర్లేదు. ఆయన మన ఓటుతో వచ్చినవాడు కాదు, ఉండేదీ రెండు మూడేళ్లే, తర్వాత ఏ జిల్లాకో బదిలీ. ఆయన మంచివాడే అయినా, సమర్థుడే అయినా, జవాబు చెప్పుకోవాల్సింది సచివాలయానికి.

ఆ అరుగుల కాలంలో మేయర్లు ఎలాంటివాళ్లో తలచుకుంటే ఇప్పుడు నమ్మబుద్ధి కాదు. 1951లో హైదరాబాద్ తొలి మేయరైన మాడపాటి హనుమంతరావు తెలంగాణలో తెలుగు చదువులకోసం, గ్రంథాలయాలకోసం, ఆంధ్రోద్యమంకోసం జీవితం వెచ్చించిన మనిషి. ఆంధ్ర పితామహుడని పిలుచుకున్నారు. నారాయణగూడలో ఆయన నిలబెట్టిన ఆడపిల్లల బడి ఆయన పేరుతోనే ఉంది. 1957లో మేయరైన కె. కృష్ణస్వామి ముదిరాజ్ నగర చరిత్రను ఫొటోలతో సహా రెండు పెద్ద సంపుటాలుగా అచ్చువేసినవాడు. ‘పిక్టోరియల్ హైదరాబాద్’ అన్న ఆ పుస్తకాలు లేకపోతే పాత నగరం ముఖం మనకు సగం తెలిసేది కాదు. కుష్టు రోగులకోసం కూకట్‌పల్లిలో శివానంద ఆశ్రమాన్ని నెలకొల్పిన రాణి కుముదినీ దేవి 1960ల మొదట్లో తొలి మహిళా మేయర్ అయ్యారు. వీళ్ల చేతుల్లో పెద్ద అధికారమేమీ లేదు. పదవీకాలం ఏడాదే. బొంబాయిలో మొదలైన కమిషనర్ పద్ధతే ఇక్కడా నడిచింది. సంతకం, జీతాలు, పనుల అమలు అన్నీ ప్రభుత్వం నియమించిన కమిషనర్‌వి. మేయర్ సభకు అధ్యక్షుడు, ఊరికి మర్యాదస్తుడు. బయటినుంచి పెద్దలెవరొచ్చినా ఊరి తరఫున దండ వేసి పౌరసన్మానం చేసేవాడు. అయినా ఆ దండ వేసే చేతులు ఊరివి. పౌరసన్మానం అన్న మాటే ఇప్పుడు పేపర్లో కనిపించడం లేదు.

ఆ సభ కూడా ఊరికి వారసత్వంగా వచ్చింది కాదు. ఒకరిచ్చింది. 1869లో మొదటి సాలార్‌జంగ్ హయాంలో నగరానికి మున్సిపల్ వ్యవహారాలు, రోడ్ల మరమ్మతు చూసే శాఖ ఏర్పడింది. ఊరిని నాలుగు భాగాలుగా, మూసీ ఇవతల చాదర్‌ఘాట్ వైపును ఐదు భాగాలుగా పంచారు. 1886లో చాదర్‌ఘాట్ విడిపోయి తనే ఒక మున్సిపాలిటీ అయింది. ఏటికి అటు నవాబుల ఊరు, ఇటు బ్రిటిష్ రెసిడెన్సీ చుట్టూ పెరిగిన కొత్త ఊరు. 1933లో రెసిడెన్సీ బజార్లు ఇంగ్లీషువాళ్ల చేతినుంచి నిజాంకు తిరిగొచ్చాయి. ఆ ఏడే చాదర్‌ఘాట్‌ను హైదరాబాద్‌లో కలిపి కార్పొరేషన్ చేశారు. మరుసటేడు, అంటే 1934లో, తొలి ఎన్నికలు. 1937లో కొండరాళ్ల మధ్య జూబ్లీహిల్స్‌కు వేరే మున్సిపాలిటీ వచ్చింది. ఈ రోజు ఆ రాళ్లను పగలగొట్టి లేపిన మేడల్లో ఉండేవాళ్లకు అక్కడొక చిన్న మున్సిపాలిటీ ఉండేదని చెబితే నవ్వుతారు. సికింద్రాబాద్ బజార్లు 1945లో దండు అధికారం నుంచి బయటపడి మున్సిపాలిటీ అయ్యాయి, 1950లో కార్పొరేషన్ అయ్యాయి. పదేళ్లపాటు హుస్సేన్‌సాగర్‌కు రెండు వైపులా రెండు కార్పొరేషన్లు. 1960లో రెండూ కలిసి హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్, అంటే ఎం.సి.హెచ్., అయ్యాయి. సికింద్రాబాద్ పెద్దమనుషులు కొందరు నా చిన్నతనంలోనూ ‘మా కార్పొరేషన్’ అనే అనేవారు. చెరువు అవతలికి వెళ్లి పని అడగాల్సి రావడం వాళ్లకు చిన్నతనంగా ఉండేది. చాదర్‌ఘాట్, జూబ్లీహిల్స్, సికింద్రాబాద్ ఇలా ఒక్కొక్కటే పెద్ద ఊరి కడుపులో కలిసిపోయాయి. ఎవరూ దస్తావేజులు చూపించి అడ్డుపడలేదు.

ఇచ్చినవాడు తీసుకోవడం కూడా నిజాం కాలంలోనే మొదలైంది. 1934లో ఎన్నికలు పెట్టిన ప్రభుత్వమే 1942లో కార్పొరేషన్ హోదాను వెనక్కి తీసుకుంది. పోలీసు చర్య అయ్యాక, 1950లో, కొత్త చట్టంతో హోదా తిరిగొచ్చింది. అలా వచ్చిన సభలోనే మాడపాటివారు కూర్చున్నారు. రాజు తీసుకుంటే రాజరికం అంటాం. తర్వాత ఎన్నికైన ప్రభుత్వాలూ అదే పని చేశాయి. కాకపోతే తీసుకుంటున్నామని చెప్పలేదు, ఎన్నికలు పెట్టడం మానేశారు అంతే. గడువు ముగిసేది, స్పెషలాఫీసరు వచ్చేవాడు, ఆరు నెలలు మరో ఆరు నెలలయ్యేవి.

ఇక్కడ నిజాయితీగా ఒక మాట ఒప్పుకోవాలి. ఈ ఊరికి గర్వంగా చెప్పుకునేవన్నీ ఎన్నికైన సభలు కట్టినవి కావు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని తీసుకుపోయాక మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆయన చెప్పిన ప్రకారం 1920కి ఉస్మాన్‌సాగర్, 1927కి హిమాయత్‌సాగర్ లేచాయి. వరద ఆగింది, ఊరికి తాగునీళ్లొచ్చాయి. 1912లో పుట్టిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఇరుకు గల్లీలు తెరిచింది, పత్తర్‌గట్టీలో రాతి కమానుల వరసతో బజారు కట్టింది, పేదవాళ్లకు ఇళ్లు కట్టింది. నిజాం రెండో కొడుకు మొజ్జంజా దాని అధ్యక్షుడు, ఆయన పేరుతోనే 1935లో మార్కెట్ వచ్చింది. బోర్డు 1960లో హౌసింగ్ బోర్డులో లీనమైంది. ‘సీఐబీ క్వార్టర్స్’ అన్న పేరు మాత్రం కొన్ని బస్తీల్లో బతికే ఉంది. ఆ పేరులో అక్షరాలేమిటో అక్కడ పుట్టినవాళ్లకే తెలియదు. ఎవరి ఓటూ అడక్కుండా కట్టిన ఆ కమానుల కింద నిలబడినప్పుడల్లా నా వాదం కాస్త తడబడుతుంది. ఒకాయన నాతో అన్నాడు, ‘మీ కార్పొరేటర్లు కట్టి ఉంటే ఇదంతా ఉండేదా?’ అని. ఉండేది కాదేమో. అయితే ఆ బోర్డు ఎవరి గల్లీ కూల్చిందో, ఆ గల్లీవాళ్లు ఎక్కడికి పోయారో అడిగేందుకూ ఒక చోటు లేదు. కమానులు మిగిలాయి కాబట్టి అవి మనకు కనిపిస్తాయి. అడగలేకపోయినవాళ్లు మనకు కనిపించరు.

నా కాలంలో జరిగింది ఇదే, కమానుల అందం లేకుండా. మేయర్ లేని పదహారేళ్లలో ఊరు తనంత తాను ఆగిపోలేదు, పెరుగుతూనే పోయింది. ఆ పెరుగుదలను చూసుకోవడానికి ప్రభుత్వం కొత్త సంస్థలు పుట్టించింది. 1975లో హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ, హుడా, వచ్చింది. లేఅవుట్‌కు ‘హుడా అప్రూవ్డ్’ అన్న మాట ఉంటే చాలు, ప్లాటు ధర పెరిగేది. పెళ్లిచూపుల్లో కూడా ఆ మాట వాడిన తండ్రుల్ని నేను చూశాను. పాతబస్తీకోసం 1981లో కులీ కుతుబ్‌షా పేరుతో మరో సంస్థ. తర్వాత సైబరాబాద్‌కొకటి, విమానాశ్రయం చుట్టూ ఒకటి, బుద్ధ పూర్ణిమ ప్రాజెక్టుకొకటి. 2008లో వీటిలో చాలావాటిని హుడాతోపాటు కలిపి హెచ్.ఎం.డి.ఏ. అన్నారు. హుడా అన్న పేరూ వెళ్లిపోయింది. ఈ సంస్థలు మారుతుంటాయి, పేర్లు మారుతుంటాయి, మారనిది ఒకటే. భూమి ఎలా వాడాలో చెప్పే అధికారం ఎన్నికైన సభ చేతికి తిరిగి రాలేదు.

1986 ఎన్నికలు నాకింకా కళ్ల ముందున్నట్టే ఉంటాయి. గోడలకు సున్నం కొట్టి గుర్తులు రాశారు. రిక్షాకు కట్టిన మైకు రెండు భాషల్లో అరుస్తూ గల్లీ గల్లీ తిరిగింది. అభ్యర్థి వచ్చి మా అమ్మ చేతులు పట్టుకుని ‘అక్కా, నల్లా పెట్టిస్తా’ అన్నాడు. అమ్మ ఆశ్చర్యంగా చూసింది. నల్లాకోసం ఇంటికొచ్చి అడిగే మనిషిని ఆమె ఎన్నాళ్లకో చూసింది. ఓటు వేయడానికి నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఎమ్మెల్యే ఓటుకు మామూలు చొక్కాతోనే వెళ్లేవాడు. స్వస్తిక్ ముద్ర కొట్టి, కాగితం మడిచి పెట్టెలో వేసి వచ్చాక, ‘ఇది మన గల్లీ ఓటు’ అన్నాడు. రాష్ట్రంలో తెలుగుదేశం గద్దె మీద ఉంది. నగరంలో మజ్లిస్, కాంగ్రెస్ చేతులు కలిపి ఏడాదికొక మేయర్‌ను కూర్చోబెట్టాయి. సభలో కేకలు, పేపర్లో కార్టూన్లు, అన్నీ ఉన్నాయి. కానీ ఊరి సంగతి మాట్లాడటానికి ఊరికంటూ ఒక చోటు దొరికింది. అంతలో 1989లో నీళ్లు, మురుగు చూసుకునేందుకు వేరే బోర్డు వచ్చింది. దానికి ముఖ్యమంత్రి అధ్యక్షుడు. మా అమ్మ చేతులు పట్టుకుని నల్లా పెట్టిస్తానన్న మనిషి చేతిలో ఇక నల్లా లేదు.

ఊరి సభకు ఇలా జరగడం మన ఒక్క ఊరి దౌర్భాగ్యం అనుకుంటూ ఉండేవాణ్ని. తర్వాత చదువుతుంటే తెలిసింది, రాజధానులన్నిటి జాతకమూ కాస్త ఇలాంటిదే. మాకు సభ తిరిగొచ్చిన 1986లోనే లండన్ మహానగర మండలిని థాచర్ ప్రభుత్వం రద్దు చేసింది. ఆ మండలి భవనం థేమ్స్ నదికి ఇవతల, పార్లమెంటుకు సరిగ్గా ఎదురుగా ఉండేది. రెంటికీ మధ్య దూరం నది వెడల్పు మాత్రమే. లండన్‌కు మళ్లీ ఎన్నికైన సభ వచ్చింది 2000లో. మనకన్నా పాత కార్పొరేషన్, 1688లో పుట్టినది, మద్రాసుది. దాని మండలి 1973లో రద్దయితే 1996 దాకా ఎన్నికలే లేవు. ఒకప్పుడు తెలుగువాళ్లు ‘మనదే’ అని పోట్లాడిన ఊరు, పిట్టి త్యాగరాయ చెట్టి లాంటివారు అధ్యక్షత వహించిన సభ. ఢిల్లీకి ముఖ్యమంత్రి ఉన్నా పోలీసు, భూమి కేంద్రం దగ్గరే. ప్రభుత్వం కాపురముండే ఊరిలో మరో పెద్దమనిషి తయారవడం ఏ ప్రభుత్వానికీ ఇష్టముండదు. సచివాలయం కిటికీలోంచి కనిపించే రోడ్డు తనదే అనిపిస్తుంది. దీపం కింద చీకటి అని మనవాళ్లు ఊరికే అనలేదు. జిల్లాల్లో పంచాయతీలకు ఎన్నికలు పెట్టే ప్రభుత్వం తన కాళ్ల కింద ఉన్న ఊరికి పెట్టదు.

1991లో మా సభ గడువు తీరింది. మళ్లీ ఎన్నికలకు పదకొండేళ్లు పట్టింది. ఈసారి ఆ నిరీక్షణ మరీ వింత, ఎందుకంటే 1993 జూన్ నుంచి 74వ రాజ్యాంగ సవరణ అమల్లో ఉంది. ఐదేళ్లు నిండేలోగానే మళ్లీ ఎన్నికలు జరగాలి, మండలిని మధ్యలో రద్దు చేస్తే ఆరు నెలల్లోపు పెట్టాలి అని రాజ్యాంగమే చెబుతోంది. ఊరు ఫ్లైఓవర్లు ఎక్కింది, హైటెక్ సిటీ కట్టుకుంది, అమెరికా అధ్యక్షుడు క్లింటన్‌ను చూసింది. అవన్నీ జరిగేటప్పుడు ఊరికి మేయర్ లేడు. 2002లో నేరుగా ప్రజలే మేయర్‌ను ఎన్నుకున్నారు. తీగల కృష్ణారెడ్డి గెలిచారు. ఊరంతటి ఓటుతో ఒక మనిషి మేయరవడం అదే మొదలు, ఇంతవరకు అదే చివర కూడా. తర్వాత ఆ పద్ధతి తీసేశారు. 2007 ఏప్రిల్‌లో చుట్టూ ఉన్న 12 మున్సిపాలిటీలు, 8 పంచాయతీలను కలిపి గ్రేటర్ అన్నారు. ఎల్‌బీ నగర్, మల్కాజిగిరి, అల్వాల్, కాప్రా, ఉప్పల్, కుతుబుల్లాపూర్ ఒక్కరోజులో మున్సిపాలిటీలు కాకుండాపోయాయి. వాళ్ల చైర్మన్లు, కుర్చీలు, బోర్డులు ఏమయ్యాయో ఎవరూ అడగలేదు. 2009 చివర్లో 150 వార్డులకు ఎన్నికలు జరిగేదాకా అక్కడా స్పెషలాఫీసరే.

2014లో మరొక విచిత్రం. రాష్ట్రం రెండయింది, పదేళ్లు హైదరాబాద్ ఉమ్మడి రాజధాని అన్నారు. పునర్విభజన చట్టంలో 8వ సెక్షన్ ఉమ్మడి రాజధాని ప్రాంతంలో శాంతిభద్రతల బాధ్యతను ప్రత్యేకంగా గవర్నర్‌కు అప్పగించింది. రెండు ప్రభుత్వాలు, ఒక గవర్నర్, వెనక కేంద్రం. ఊరి మీద ఎవరి హక్కెంతో టీవీల్లో రాత్రిళ్లు వాదించారు. ఆ వాదనలో ఊరి సభను ఎవరూ పిలిచినట్టు లేదు. 2024 జూన్ 2న ఉమ్మడి రాజధాని గడువు తీరింది. ఏ హడావుడీ లేకుండా వెళ్లిపోయిన మరో పేరు అది. అవతల కృష్ణ ఒడ్డున కొత్తగా తలపెట్టిన అమరావతిలోనూ ముందు పుట్టింది రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ, సి.ఆర్.డి.ఏ. భూములిచ్చిన ఊళ్లవాళ్లకు అప్పట్లో పంచాయతీలే, రాజధాని పటం గీసే అధికారం మాత్రం సంస్థకు. హైదరాబాద్ వందేళ్లలో నేర్చుకున్నదాన్ని అమరావతి పుడుతూనే నేర్చుకుంది.

చార్మినార్ దగ్గర సర్దార్ మహల్ అని ఒక భవనం ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ 1900లో తన ఇష్టసఖికోసం కట్టించాడు. 1965లో ఇంటిపన్ను బకాయి పడిందని కార్పొరేషన్ దాన్ని స్వాధీనం చేసుకుంది. నిజాం కట్టించిన మహలుకు ఊరి సభ పన్ను నోటీసిచ్చి, కట్టకపోతే తీసేసుకోగలిగిన రోజులవి. ఆ ముచ్చట చెప్పేటప్పుడు నాన్న గొంతులో ఒక పొగరుండేది. ఆ పొగరు ఆయనది కాదు, ఊరిది. ఇప్పుడు నీళ్లు ఒక బోర్డువి, బస్సులు ఆర్టీసీవి, మెట్రో మరో సంస్థది, భూమి హెచ్.ఎం.డి.ఏ.ది, ట్రాఫిక్ పోలీసులది, చెరువుల కాపలా 2024లో పుట్టిన హైడ్రాది. మేయర్ ఎన్నికలో ఎమ్మెల్యేలకు, ఎంపీలకు కూడా ఓటుంది. అయినా సభ ఉండటం, లేకపోవడం ఒకటే అనే మిత్రులతో నేను ఒప్పుకోను. లేని పదహారేళ్లూ చూశాను, ఉన్న ఐదేళ్లూ చూశాను. రోడ్డు రెండు కాలాల్లోనూ గుంతలమయమే. తేడా ఏమిటంటే, ఉన్నప్పుడు గుంత గురించి మొహం చాటేసే మనిషి ఒకడు మన గల్లీలోనే దొరికేవాడు.

పాత సినిమాహాలు కూలుతుందంటే జనం వెళ్లి ఫొటోలు తీసుకుంటారు. ఇరానీ హోటల్ మూతపడితే పేపర్లో అరపేజీ వస్తుంది. 1970లో, 1991లో సభ గడువు తీరిన రోజున ఎవరూ గుమిగూడలేదు. మేం కూడా వెళ్లలేదు, ఆ రోజేదో మాకు తెలియదు. పోయినవాటిని తలచుకోవడం ముసలివాళ్ల సరదా అంటారు, కావచ్చు. చాదర్‌ఘాట్ మున్సిపాలిటీ తిరిగి రావాలని నేను కోరను, గోడ మీద గేరు తేదీలూ అక్కర్లేదు. పిల్లలకు చెప్పేది ఒకటే: పాలకమండలి గడువు ఎప్పుడు తీరుతుందో కరెంటు బిల్లు గడువు గుర్తుంచుకున్నట్టు గుర్తుంచుకోండి. ఆ మర్నాడే వెళ్లి, మళ్లీ ఎన్నికలెప్పుడని అడగండి. మేం పదహారేళ్లపాటు అడగని ప్రశ్న అది.